మేడమ్‌కి రాసిన తెలుగు ఉత్తరం

రోజ్ హిల్,
10 సెప్టెంబరు 1967.

పూజ్యులైన రామానుజం మావయ్యకు ఈశ్వరమ్మ నమస్కారాలు. కనకమ్మ అత్తకి వేరుగా చెప్పకపోతే అలుగుతుంది కాబట్టి అత్తకి వేరుగా నమస్కారాలు.

మీరు అమ్మతో పోట్లాడి నన్ను బస్సెక్కించి ఎనిమిది రోజులైంది. పాపమ్మ గారింట్లో నా గది చిన్నదే గానీ కిటికీ ఉంది. అమ్మకు చెప్పండి, వేళకు తింటున్నాను.

ఇక ఆఫీసు సంగతి. రొట్టెల కొట్టు వెనక మేడ మీద ఒకే ఒక పెద్ద గది. నలుగురు రచయితలు ఒక బల్ల చుట్టూ చేరి టెలివిజన్‌కి పదమూడు వారాల నాటకం తయారు చేస్తారు. ఒకరు కథ చెబుతారు, ఇంకొకరు కాదంటారు, మూడో ఆయన కాఫీ అడుగుతాడు. అందరికీ పెద్ద మిషెలిన్ గారు. మేడమ్ అంటాం. పని నేర్చుకోవడానికి చేరినవాళ్ళం ముగ్గురం: నేను, క్యూర్‌పిప్ నుంచి పియర్, నువెల్ ఫ్రాన్స్ నుంచి శివరాం. శివరాం మన తెలుగువాళ్ళ అబ్బాయే, తెలుగు చక్కగా చదువుతాడు.

చేరగానే కథలు రాసేస్తామనుకున్నాం. మేడమ్ మొదటిరోజే ఆ మత్తు వదలగొట్టింది. "చూడండి పిల్లలూ, ఆరు నెలలు మీకు చెవులూ చేతులూ మాత్రమే ఉన్నాయి, నోరు లేదు" అంది. వాళ్ళు మాట్లాడింది రాసుకోవాలి, సాయంత్రం టైపు కొట్టాలి, మర్నాడు చదివి వినిపించాలి. బల్ల దగ్గర చోటు లేదు. గోడవార బెంచీ మీద కూర్చుంటాం.

ఫిబ్రవరి చివరికి ముగ్గురిలో ఒక్కరినే ఉంచుకుంటారట. ఆ ఒక్కరికి తర్వాత సొంతంగా ఒక దృశ్యం రాసే అవకాశం ఇస్తారు. అమ్మ సంగతి మీకు తెలుసు. ఉంచుకోకపోతే ఇంటికే, రెండోసారి గడప దాటనివ్వదు. నాకు ఈ పని కావాలి మావయ్యా. ఇంత గట్టిగా ఇంతవరకు ఏదీ కోరుకోలేదు.

మీ కళ్ళ ఆపరేషన్ ఎప్పుడు?

మీ మేనకోడలు,
ఈశ్వరమ్మ

* * *

రివియేర్ దు రాంపార్,
24 సెప్టెంబరు 1967.

చిరంజీవి ఈశ్వరమ్మకు రామానుజం మావయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. (క్షేమం అని రాయమన్నారు. ఈ మాట నాది, కనకమ్మ అత్తని. ఫ్లాక్ ఆసుపత్రిలో ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోది డిసెంబరులో. అద్దాలు వచ్చేదాకా చదవకూడదు, రాయకూడదు అన్నారు. అందుకని ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. పెళ్ళయిన కొత్తలో నాకు అక్షరాలు నేర్పింది ఇందుకేనని ఇన్నాళ్ళకు తెలిసింది.)

నీ ఉత్తరం మీ అత్త రెండుసార్లు చదివి వినిపించింది. అన్నీ బాగున్నాయి. గోడవార బెంచీ మాత్రం బాగాలేదు. నీకు బల్ల దగ్గర చోటు లేదా? మీ తాత చెరకు ఎస్టేటులో దొర ముందు నిలబడే పనిచేశాడు. ఆయన మనవరాలు చదువుకుని కూడా గోడకు అతుక్కోవాలా? నువ్వు మెట్రిక్యులేషన్ పిల్లవు. ఆ మేడమ్‌తో మర్యాదగా చెప్పి కుర్చీ అడుగు. ఇవ్వకపోతే నాకు రాయి.

(నువ్వేమీ అడక్కు. ఆయన కంటికి కట్టు ఉంది, దాంతో చిరాకు. బెంచీ మీద దిండు వేసుకో.)

మంగళవారం రామభజనలో నువ్వు లేని లోటు తెలిసింది. పుస్తకం పట్టుకుని తర్వాతి చరణం అందించే మనిషి లేదు. వెంకయ్య పట్టుకున్నాడు, రెండు పేజీలు ఒకేసారి తిప్పాడు.

ఆశీస్సులతో,
రామానుజం
(దస్తూరి కనకమ్మ)

* * *

రోజ్ హిల్,
5 నవంబరు 1967.

మావయ్యకు, మావయ్య చేతికి బదులుగా ఉన్న అత్తకు నమస్కారాలు.

కంటి కట్టు విప్పారని తెలిసి పెద్ద బరువు దిగింది. బెంచీ సంగతి వదిలెయ్యండి మావయ్యా. అది అవమానం కాదు, నేర్చుకునేవాళ్ళు కూర్చునే చోటు. మేడమ్ కూడా ఒకప్పుడు ఎక్కడో అలాంటి బెంచీ మీదే మొదలుపెట్టిందట.

ఇప్పుడు నాకు కొంచెం పని తెలిసింది. గోడ మీద కార్డులు గుచ్చుతాం. ఒక్కో కార్డు ఒక దృశ్యం. కథ మారితే కార్డు మారాలి. పాత్రల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. ఎవరి పుట్టినూరు ఏది, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ అందులో రాస్తాను. మా నాటకంలో గోవిందు తాతకు రెండో వారంలో ఎడమ మోకాలు నొప్పి, నాలుగో వారంలో కుడి మోకాలు పట్టుకుని మూలిగాడు. నేను చీటీ రాసి పంపితే గదంతా నవ్వారు. మేడమ్ నా వైపు చూసి తల ఊపింది. ఆ రోజు పాపమ్మ గారు వడ్డించింది ఏమిటో కూడా గుర్తులేదు, అంత సంతోషం.

పియర్‌కి మాత్రం చివాట్లు పడ్డాయి. ఒక రచయిత తడబడుతూ చెప్పిన వాక్యాన్ని వాడు అందంగా దిద్ది రాశాడు. మేడమ్ ఊరుకోలేదు. "ఆయన ఏమన్నాడో రాయి. ఏమని ఉంటే బాగుండేదో రాయకు. నువ్వు దిద్దితే ఆయన అన్నది ఎప్పటికీ పోయినట్టే" అంది. ఇక్కడ ఇదే మొదటి నియమం. అత్తా, నువ్వు ఉత్తరాల మధ్యలో నీ మాటలు కలుపుతున్నావు, మేడమ్ చూస్తే నిన్ను బెంచీ మీద కూడా కూర్చోనివ్వదు!

రెండో నియమం దగ్గర నేను ఇరుక్కుపోయాను. కథ మారగానే పాత పేజీలు నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వెయ్యాలి. పాతదీ కొత్తదీ కలిసిపోకూడదని. మావయ్యా, రాసిన కాగితం చింపడానికి నాకు చెయ్యి రావడం లేదు. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుని పెరిగినదాన్ని. మీ బళ్ళో మొదటి పాఠం అదే కదా. శివరాం కళ్ళు మూసుకుని చింపేస్తాడు. నేనేం చెయ్యను?

మీ ఈశ్వరి

* * *

రివియేర్ దు రాంపార్,
19 నవంబరు 1967.

ఈశ్వరీ, నూరేళ్ళు చల్లగా ఉండు.

చింపకు. ఇందులో ఆలోచించడానికేముంది? అక్షరం సరస్వతి. ముప్ఫై ఏళ్ళు ఈ మాట చెప్పి ఇప్పుడు నా మేనకోడలికి వేరే మాట చెప్పను. వాళ్ళకు అక్కర్లేకపోతే నువ్వు దాచు. దాస్తే ఎవరికేం నష్టం?

(మీ మేడమ్‌ని ఒకసారి అడిగి దాచితే మంచిదని నా ఉద్దేశం. రాయవద్దన్నారు, రాశాను.)

తెలుగు పరీక్షలకు పద్నాలుగు మంది పిల్లలు కూర్చుంటున్నారు. నేను పాఠం నోటితో చెబుతున్నాను, బోర్డు మీద మీ అత్త రాస్తోంది. పిల్లలు ఇప్పుడు ఆమెనే టీచరమ్మా అంటున్నారు, నన్ను తాతా అంటున్నారు.

రామానుజం

* * *

రోజ్ హిల్,
14 జనవరి 1968.

మావయ్యా, అత్తా,

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించకండి.

పాత పేజీలు చింపకుండా దాస్తూ వచ్చాను. అడగమని అత్త రాసింది, నాకు ధైర్యం చాలలేదు. ఇంటికి తెచ్చుకోలేని రోజున టైపు మిషను సొరుగులో అడుగున పెట్టేదాన్ని. క్రిస్మస్ ముందు వారం పని మీద పని పడింది. సొరుగులోంచి పేజీలు తీసి వరసగా కుట్టేటప్పుడు ఏడో వారంలోకి పాత పద్నాలుగో పేజీ వెళ్ళిపోయింది. అందులో గోవిందు తాత బతికే ఉన్నాడు. ఆయన అయిదో వారంలోనే పోయాడు!

రిహార్సలు రోజున ఆ తాత వేషం వేసే పెద్దాయనకు కూడా కబురు వెళ్ళింది. పేజీలో పేరు ఉంది కదా. తన పాత్ర మళ్ళీ బతికిందని ఆయన సంబరపడి, ఫ్లాక్ దగ్గర్నుంచి రెండు బస్సులు మారి, అందరికీ గాతో పిమాన్ కారం వడలు పొట్లం కట్టించుకుని మరీ వచ్చాడు. భార్య వేషం వేసే ఆవిడ తెల్లచీరలో కూర్చుని ఉంది, ఈయన వచ్చి టీ అడిగాడు. అందరూ గొల్లున నవ్వారు. ఆ పెద్దాయన మాత్రం నవ్వలేదు. పొట్లం అక్కడే పెట్టి టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మేడమ్ అడిగింది, "పాత పేజీ ఎక్కడి నుంచి వచ్చింది?" అని. నా నోరు పెగల్లేదు. పేజీలు కుట్టడం శివరాం వంతని అందరూ అతనివైపు చూశారు. పేజీలు కుట్టిన రోజు నా వంతు టీ అతను కాచాడు, నేను అతని బదులు కుట్టాను. అయినా అతను నా పేరు చెప్పలేదు. పండగ సెలవులన్నీ అదే నన్ను తినేసింది. జనవరి రెండున ఆఫీసు తెరవగానే వెళ్ళి, నేనేనని చెప్పాను. దాచినవన్నీ తెచ్చి బల్ల మీద పెట్టాను. నూట ముప్ఫై పేజీలు.

మేడమ్ పై పేజీలు నాలుగు తిరగేసి చూసింది. "ఎందుకు?" అంది. చెప్పాను. అర్థమైందో లేదో. "నీ సంగతి ఫిబ్రవరిలో చూస్తాను" అంది, అంతే. అప్పటినుంచి కార్డులు పియరే గుచ్చుతున్నాడు. పాత్రల పుస్తకం శివరాం చేతికి వెళ్ళింది. నాకు టీ కప్పులు మిగిలాయి.

ఈశ్వరమ్మ

* * *

రివియేర్ దు రాంపార్,
28 జనవరి 1968.

ఈశ్వరమ్మకు,

పోర్ట్ లూయీలో గొడవలు జరుగుతున్నాయని, సైన్యం దిగిందని రేడియోలో విన్నాం. మీ అమ్మ రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. బస్సులు సరిగా లేవు, లేకపోతే నేనే వచ్చేవాణ్ణి. రోజ్ హిల్ శాంతంగా ఉందని పాపమ్మ గారి నుంచి కబురు వచ్చాక ఇల్లు తేరుకుంది.

ఇక నీ విషయం. అక్షరాన్ని గౌరవించిన పిల్ల చేత టీ కప్పులు కడిగిస్తారా? నా రక్తం ఉడికిపోయింది. నిన్ననే మీ మేడమ్‌కి ఉత్తరం రాయించి పోస్టు చేయించాను. రాసిన కాగితాన్ని ముక్కలు చేసే చోట మా పిల్ల ఉండదని చెప్పాను. ఆవిడ ఫిబ్రవరిలో చూడక్కర్లేదు, నేనే మా పిల్లను మానిపిస్తున్నానని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను.

ఫ్రెంచిలో రాయిద్దామంది మీ అత్త. ఎందుకు? వాళ్ళ భాషలో రాస్తే బతిమాలుకున్నట్టు ఉంటుంది. తెలుగులోనే రాయించాను. చదివి చెప్పడానికి నువ్వున్నావు కదా. ఒక్క మాట తగ్గించకుండా చదువు.

(అమ్మాయ్, ఉత్తరం పోస్టు చేసిన మాట నిజం. ఇంతకంటే రాయడానికి వీల్లేదు, ఆయన పక్కనే కూర్చుని కలం చప్పుడు వింటున్నారు. తిండి మానకు.)

రామానుజం

* * *

రోజ్ హిల్,
6 ఫిబ్రవరి 1968.

మావయ్యా,

ఎంత పని చేశారు!

మీ ఉత్తరం మేడమ్ బల్ల మీద ఉంది. ఆవిడ కవరు విప్పి అటూ ఇటూ తిప్పి, "ఇది మీ భాషేనా? శుక్రవారం అందరి ముందు చదివి, మాకు అర్థమయ్యేలా క్రియోల్‌లో చెప్పు" అంది. మన భాష ఎలా వినిపిస్తుందో రచయితలందరూ వినాలట.

నేను ఏం చెయ్యాలి? ఉన్నది ఉన్నట్టు చదివితే నా పని నా నోటితోనే పోతుంది. మార్చి చదువుదామంటే శివరాం పక్కనే ఉంటాడు, అతనికి తెలుగు వచ్చు. అతను ఊరుకున్నా నేను ఊరుకోలేను. అయిదు నెలలుగా ఈ గదిలో నేర్చుకున్నది ఒక్కటే, ఎదుటివాళ్ళ మాట మార్చకూడదని. ఒకసారి నోరు మూసుకుని శివరాంని దోషిని చేశాను. మళ్ళీ అలాంటి పని చెయ్యను.

చదువుతాను. తర్వాత ఇంటికి వస్తాను. అమ్మకు చెప్పండి, ఆవిడ గెలిచింది. మీ మీద కోపం రావడం లేదని రాద్దామనుకున్నాను గానీ అబద్ధం. చాలా కోపంగా ఉంది.

ఈశ్వరి

* * *

రోజ్ హిల్,
3 మార్చి 1968.

నా బంగారు మావయ్యకు వేయి నమస్కారాలు. అత్తా, ఇది మావయ్యకు గట్టిగా చదివి వినిపించు, ఇరుగుపొరుగు విన్నా ఫరవాలేదు.

పోయిన నెల ఆ ఉత్తరంలో రాసిన కోపం వెనక్కి తీసుకుంటున్నాను. ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదంటే ఫలితం తెలిశాకే రాద్దామని. నన్ను ఉంచుకున్నారు మావయ్యా! ముగ్గురిలో నన్ను!

మొదటినుంచీ చెబుతాను. ఆ శుక్రవారం ఉత్తరం చేతిలోకి తీసుకున్నాను. "మేడమ్, ఇందులో మీకు నచ్చని మాటలు ఉంటాయి. అయినా ఉన్నది ఉన్నట్టు చదువుతాను" అన్నాను. శివరాంని నా పక్కన నిలబడి చూడమన్నాను, ఒక్క మాట తప్పినా చెప్పమన్నాను. మొదలుపెట్టాను. మీరు చెప్పింది మీకు గుర్తుండే ఉంటుంది, అయినా మళ్ళీ రాస్తాను, నాకు కంఠతా వచ్చేసింది.

"అమ్మా, నేను ఈశ్వరమ్మ మేనమామను, బడిపంతులును. తప్పు అమ్మాయిది కాదు, నాది. రాసిన కాగితం చింపకూడదని నేనే నేర్పాను. మీకు పాత కాగితాలు అడ్డమని నాకు తెలియదు. అమ్మాయి అడిగితే దాచమన్నాను. నేను కోపిష్టిని, నా మాట పైకి ఒకలా ఉంటుంది, లోపల ఒకలా ఉంటుంది. ఈశ్వరి వెళ్ళిన రోజు నుంచి మా ఇల్లు బోసిపోయింది. అయినా ఆమెను మాకు తిరిగి పంపకండి. ఇంటికి రాసే ప్రతి ఉత్తరంలో మీరేం నేర్పారో రాస్తుంది. అది వింటున్నప్పుడు మాకెవరికీ ఆకలి గుర్తుండదు. టీ కప్పులు కడిగించండి, బెంచీ మీద కూర్చోబెట్టండి, తిట్టండి. పని మాత్రం మాన్పించకండి."

చివర్లో ఏడుపొచ్చి కాగితం శివరాం చేతికిచ్చాను. మిగతా రెండు వాక్యాలు శివరాం చదివాడు. ఒక్కో వాక్యం తెలుగులో చదివి క్రియోల్‌లో చెబుతూ వచ్చాం. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

నన్ను మానిపిస్తున్నానని నాకు రాసి అంత భయపెట్టింది నా నిజాయితీ ఎంతో చూడడానికే కదూ? మీరు కోపిష్టినని ఒప్పుకోవడం నా జన్మలో చూస్తాననుకోలేదు.

పోయిన గురువారం మేడమ్ నన్ను పిలిచింది. "నీకు నష్టమని తెలిసీ చదవడం మొదలుపెట్టావు. ఈ పనికి ఇంతకన్నా పెద్ద పరీక్ష నేను పెట్టలేను" అంది. పాత పేజీల సంగతి కూడా తేల్చేసింది. "నువ్వు చింపకు. రోజూ సాయంత్రం లెక్కపెట్టి నాకిచ్చెయ్. నేను చింపుతాను. మీ దేవత నన్నేమీ అనదు, నాకు పరిచయం లేదు." మీరు పళ్ళు కొరుకుతారని తెలుసు, కానీ నవ్వాపుకోలేకపోయాను. పియర్ శబ్దాల విభాగానికి వెళ్తున్నాడు, అదే కావాలట. శివరాం తన ఊళ్ళో నాటక బృందం పెడతానన్నాడు. క్రిస్మస్ నాటి సంగతికి అతణ్ణి క్షమించమని అడిగాను. "నీ టీ నేను కాచాను, నా పేజీలు నువ్వు కుట్టావు, ఇద్దరం బాగానే చెడగొట్టాం" అన్నాడు. గోవిందు తాత వేషం వేసిన పెద్దాయన ఇంటికి మొన్న ఆదివారం వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. తిట్టలేదు. కొత్త నాటకంలో ఏదైనా ముసలి వేషం ఉంటే చెప్పమన్నాడు.

అమ్మ ఏమంటోంది? నిజం రాయండి.

మీ ఈశ్వరి

* * *

రివియేర్ దు రాంపార్,
10 మార్చి 1968.

ఈశ్వరీ,

ఈ దస్తూరి నాది. గురువారం కళ్ళద్దాలు వచ్చాయి. అక్షరాలు వంకరగా ఉంటే అది అయిదారు నెలల బద్ధకం. అద్దాలు పెట్టుకుని మొట్టమొదట చదివింది నీ ఉత్తరం. మీ అత్త పెరట్లో ఉంది, లేకపోతే ఎప్పటిలా ఆమే చదివి వినిపించేది, నాకు ఏమీ తెలిసేది కాదు.

నేను ఆ మాటలు చెప్పలేదమ్మా. ఒక్కటి కూడా చెప్పలేదు. నీకు నేను రాయించినదే నిజం. మీ మేడమ్‌ని చదువురాని మనిషి అన్నాను. చెరకు పిప్పికిచ్చే విలువ కూడా కాగితానికి ఇవ్వని వాళ్ళన్నాను. నిన్ను మానిపిస్తున్నానన్నాను. గంటసేపు చెప్పాను. ఆ గంటసేపూ మీ అత్త నా పక్కన కూర్చుని, తల ఊపుతూ, తనకు తోచింది రాసుకుంది. కలం చప్పుడు వింటూ నా మాటలే పడుతున్నాయనుకున్నాను.

నీ ఉత్తరం పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. అరిచాను. నా పేరు మీద నువ్వెలా రాస్తావన్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు. "మీరు చెప్పింది రాస్తే పిల్ల ఇంటికొచ్చేసేది. వచ్చాక దాని మొహం మీరు చూడగలిగేవారా?" అంది.

అరుగు మీద కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఇల్లు బోసిపోయిందన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను గంటసేపు కాగితం గురించి, అక్షరం గురించి, సరస్వతి గురించి అరిచింది ఎందుకో అప్పుడు అర్థమైంది. నిన్ను వెనక్కి రప్పించుకోవాలని. మీ అమ్మతో పోట్లాడి పంపించింది నేనే, నువ్వు లేకుండా ఉండలేకపోయింది కూడా నేనే. అది చెప్పడానికి నాకు సిగ్గు. కోపం చెప్పడానికి సిగ్గు ఉండదు కదా.

మీ అమ్మ సంగతి నిజం రాయమన్నావు. నీ ఉత్తరం విని మొదట ఏడ్చింది. తర్వాత నాగమ్మ ఇంటికి వెళ్ళి మా ఈశ్వరి టెలివిజన్ ఆఫీసులో ఖాయమైందని చెప్పింది. అక్కణ్ణుంచి సుబ్బమ్మ ఇంటికి, అక్కణ్ణుంచి అప్పలస్వామి కొట్టుకి. ఇంకా తిరిగి రాలేదు. ఎల్లుండి మన దీవికి స్వాతంత్ర్యం, పిల్లల చేత జెండా పాట పాడిస్తున్నాను. ఊరంతా హడావుడిగా ఉంది. మీ అమ్మ దేనికి అంత సంబరపడుతోందో ఎవరికీ తెలియడం లేదు.

నీ తీరిక చూసుకుని మీ మేడమ్‌కి నా మాటగా ఒకటి చెప్పు. ఆ ఉత్తరం ఎవరు రాశారో చెప్పాలనుకుంటే చెప్పు, నీ నియమం నీది, నేను అడ్డురాను. కానీ ఇది కూడా చెప్పు. ఆ ఉత్తరం నేను ఇప్పుడు నా కళ్ళతో చదివాను. ఒక్క అక్షరం దిద్దనక్కర్లేదు. అది నా ఉత్తరమే.

నీ మావయ్య,
రామానుజం